ఇద్దరూ కావాలా, ఒకరైనా చాలా?

ఇంగ్లిష్‌లో ఇద్దరి గురించి చెప్పేటప్పుడు వాడే మాటలు వేరు, ముగ్గురి గురించి చెప్పేటప్పుడు వాడేవి వేరు. ఇద్దరూ అయితే ‘బోత్’, ముగ్గురూ అయితే ‘ఆల్’. ఇద్దరిలో ఎవరైనా అంటే ‘ఐదర్’, ముగ్గురిలో ఎవరైనా అంటే ‘ఎనీ’. ఇద్దరూ కాదంటే ‘నైదర్’, ముగ్గురూ కాదంటే ‘నన్’. నంద్యాలలో ఇంటర్ చదివే రోజుల్లో ఇవి మాకు ఖాళీలు పూరించే ప్రశ్నలు. పూరించాం, పాసయ్యాం, మరిచిపోయాం. బీటెక్ అయ్యి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాక ఇవి మళ్లీ ఎదురయ్యాయి.

మా టీమ్‌లో సగం మంది తెలుగువాళ్లమే. ‘బోత్ సర్వర్స్ ఆర్ నాట్ వర్కింగ్’ అని మెసేజ్ వస్తే రెండూ పడిపోయాయని మాకు ఇట్టే అర్థమైపోతుంది. ‘రెండూ పనిచేయడం లేదు’ అన్న తెలుగు వాక్యానికి ఇంగ్లిష్ చొక్కా తొడిగామంతే కదా! కానీ లండన్‌లో కూర్చున్న క్లయింట్ మాత్రం ‘అంటే ఒకటి పనిచేస్తోందా?’ అని అడుగుతాడు. ఆయన ఎదురుచూసే మాట ‘నైదర్’. మనకు ఆ అనుమానం రాదు. ఎందుకంటే తెలుగులో ఆ పని గొంతు చేసిపెడుతుంది.

అహోబిలం వెళ్లొచ్చిన వాళ్లను ‘ఎగువ, దిగువ రెండూ చూశారా?’ అని అడగండి. ‘రెండూ చూడలేదు’ అన్నారనుకోండి. ‘రెండూ’ని ఒత్తి పలికితే, ఒకటి చూశారు, ఇంకోటి మిగిలిపోయిందని. మామూలుగా పలికితే, ఏదీ చూడకుండానే తిరిగొచ్చారని. మాటలు అవే, పలకడంలోనే తేడా. అయితే కాగితం మీద గొంతు వినపడదు. చిక్కంతా అక్కడే.

మా పెద్దనాయన, పెద్దమ్మ ఆళ్లగడ్డలో ఉంటారు. చాలా ఏళ్ల కిందట ఇద్దరి పేరు మీదా బ్యాంకులో ఒక ఖాతా తెరిచారు. ఫారం నింపిన ఉద్యోగి ‘ఇద్దరూ సంతకం పెడతారా?’ అని అడిగాడట. ‘ఆ, ఇద్దరమూ పెడతాం సార్’ అన్నాడు పెద్దనాయన. ఎవరు పోతే వాళ్లు సంతకం పెట్టి డబ్బు తెచ్చుకోవచ్చని ఆయన ఉద్దేశం. పెద్దమ్మకు కూడా సంతకం వచ్చని చెప్పుకోవడంలో కొంచెం గర్వం కూడా. ఫారంలో మాత్రం ‘జాయింట్లీ’ దగ్గర టిక్కు పడింది. అంటే డబ్బు తీసిన ప్రతిసారీ ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఎప్పుడూ స్కూటర్ మీద ఇద్దరూ కలిసే పోయేవాళ్లు కాబట్టి అన్నేళ్లూ ఆ తేడా బయటపడలేదు.

పోయినేడు పెద్దనాయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. నంద్యాలలో ఆసుపత్రిలో చేర్చాం. పెద్దమ్మ ఒక్కతే బ్యాంకుకు పోతే ‘ఇద్దరి సంతకాలూ కావాలమ్మా’ అన్నారు. ‘ఆయప్ప మంచంలో ఉంటే సంతకం యాడనుంచి తెచ్చేది నాయనా?’ అని ఆమె అక్కడే కూర్చుండిపోయింది. డబ్బు వాళ్లదే, పేరు వాళ్లదే, పాస్‌బుక్ చేతిలోనే ఉంది. అయినా పైసా రాదు. ఆ రెండు రోజుల ఖర్చు నేనూ, మా అన్నా చెరి సగం వేసుకున్నాం.

మూడో రోజు బ్యాంకు అధికారి ఆసుపత్రికి వచ్చారు. ఖాతాదారుడు జబ్బుపడి సంతకం చేయలేకపోతే వేలిముద్ర తీసుకోవచ్చు. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు ఆ ముద్రను గుర్తించాలి, వాళ్లలో ఒకరు బ్యాంకు అధికారి అయ్యుండాలి. ఇది రిజర్వు బ్యాంకు చెప్పిన పద్ధతే. ఎడమచేతి బొటనవేలి ముద్రతో పని జరిగింది. పెద్దనాయన ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఖాతా కూడా మార్పించాం.

దేనికి మార్పించామంటే, ‘ఐదర్ ఆర్ సర్వైవర్’కి. ఇద్దరిలో ఎవరు సంతకం పెట్టినా చాలు, ఒకరు పోతే మిగిలినవాళ్లు నడుపుకోవచ్చు. ఖాతాలో ముగ్గురు, అంతకన్నా ఎక్కువమంది ఉంటే దాన్నే ‘ఎనీవన్ ఆర్ సర్వైవర్’ అంటారు. ఇంటర్‌లో మేం పూరించిన ఐదర్, ఎనీ ఇవే! ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ ఇంకొకటి. అందులో మొదటి పేరున్నవాళ్లదే పెత్తనం, రెండోవాళ్లకు అధికారం వాళ్ల తర్వాతే.

‘రెండూ’, ‘ఏదో ఒకటి’ మధ్య తేడా నంద్యాలకు కొత్తేమీ కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో పి.వి. నరసింహారావు ఇక్కడా, ఒడిశాలోని బరంపురంలోనూ నిలబడి రెండుచోట్లా గెలిచారు. పోటీ రెండుచోట్ల చేయొచ్చు, సభ్యత్వం మాత్రం ఒక్కచోటే అని చట్టం తేల్చి చెప్పింది. ఆయన బరంపురం ఉంచుకుని నంద్యాలను వదులుకున్నారు. మాకు మళ్లీ ఉపఎన్నిక వచ్చింది.

ఇదంతా చదివి తెలుగుకు ఇద్దరి లెక్క రాదనుకోకండి. ‘చెరో దోసె తినండి’ అంటే అక్కడున్నది ఇద్దరేనని చూడకుండానే చెప్పొచ్చు. ముగ్గురుంటే ‘తలా ఒకటి’ అంటాం. ఇంగ్లిష్‌లో ‘ఈచ్’కి ఈ తేడా లేదు, ఇద్దరికైనా పదిమందికైనా అదే. పైగా రోడ్డుకు ‘ఐదర్ సైడ్’ చెట్లున్నాయంటే ఏదో ఒక పక్క కాదు, రెండు పక్కలా ఉన్నాయని! ఏ భాష తిరకాసు ఆ భాషది. ఒక భాషలో అడిగింది ఇంకో భాషలో రాసుకునేటప్పుడే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

మీ అమ్మానాన్నలకు ఉమ్మడి ఖాతా ఉంటే ఒకసారి పాస్‌బుక్ తీసి చూడండి. అందులో తెలియకపోతే బ్యాంకులోనే కనుక్కోండి. ‘ఇద్దరూ పెట్టొచ్చా?’ అని మాత్రం అడగొద్దు. ‘ఒకరు వస్తే చాలా, ఇద్దరూ రావాలా?’ అని అడగండి. ఆ ప్రశ్నకు రెండర్థాలు లేవు.