నూజివీడు రసం – పోటీ బల్ల

హనుమాన్ జంక్షన్ దగ్గర పెద్దరోడ్డు విడిచి నూజివీడు వైపు తిరిగితే, కొంత దూరానికి వరిచేలు వెనుకబడి ఎర్రనేల మొదలవుతుంది. అక్కడినుండి ఎటు చూచినా మామిడితోటలే. 2022 ఏప్రిల్‌లో నూజివీడు కృష్ణాజిల్లా నుండి ఏలూరు జిల్లాకు మారింది గాని, పండు కొనేటప్పుడు జిల్లా ఎవరు అడుగుతారు? నూజివీడు రసం అంటే చాలును.

మేము వెళ్ళింది కోతల రోజుల్లో. ఫలపుష్ప ప్రదర్శనలో పోటీకి పెట్టే పండ్లను ఎలా సిద్ధపరుస్తారో చూడాలని మా కోరిక. లండనులో 1913 నుండి చెల్సీ పూల ప్రదర్శన అని ఒకటి జరుగుతున్నది. అక్కడ పోటీకోసం కొద్ది వారాల్లోనే తోటకు తోటను కట్టి, ప్రదర్శన ముగియగానే తీసివేస్తారు. మామిడితో ఆ పని కుదరదు. తాత నాటిన చెట్టుకు మనుమడు కాయ కోస్తాడు. కాబట్టి ఇక్కడ పోటీకి సిద్ధపరచేది తోటను కాదు, ఒక పళ్ళెమెడు పండ్లను.

ఆ కొద్ది పండ్లకే ఎంత పని! చలికాలంలో పూత వచ్చింది మొదలు తేనెమంచు పురుగు భయం. పిందె మీద తామర పురుగు గీకితే కాయ పెరిగినా చర్మం గరుకుగానే ఉంటుంది; ఇక పోటీకి పనికిరాదు. అందుకని కాయ కోడిగుడ్డంత కాగానే ఒక్కొక్కదానికి కాగితపు కవరు తొడిగి ముచ్చిక దగ్గర బిగిస్తారు. పండు ఈగ వాలదు, కొమ్మ ఒరుసుకోదు, రంగు అంతటా ఒకేలా వస్తుంది. చెట్టుకు నిచ్చెన వేసి వందల కవర్లు కట్టడమంటే చంటిబిడ్డలకు టోపీలు పెట్టినంత ఓపిక కావాలి.

కోసేటప్పుడు మరింత జాగ్రత్త. కాయ భుజాలు నిండాలి. చిక్కంతో నేలకు తగలకుండా దింపాలి. తొడిమ కాస్త ఉంచి కోసి, తరువాత దానిని తుంచి కాయను తలక్రిందులుగా పెడితే సొన నేలకు కారిపోతుంది. ఆ సొన చుక్క చర్మం మీద పడిందా, నల్లమచ్చ ఖాయం. తరువాత వరిగడ్డిలో మాగవేస్తారు. కార్బైడు పెడితే తొక్క త్వరగా పచ్చబడుతుంది గాని లోపల పులుపు పోదు. పైగా దానిలో ఆర్సెనిక్, భాస్వరం జాడలు ఉంటాయి. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు కార్బైడుతో మాగబెట్టిన పండ్ల అమ్మకాన్ని నిషేధించాయి. కావలసినవారు ఇథిలీన్ వాయువును నిర్ణీత మోతాదులో వాడవచ్చును. ఇంట్లో పిల్లలకు పండు పెట్టే తల్లులు తొక్కరంగును మాత్రమే చూచి మోసపోకండి.

ఇంతా చేసి బల్ల మీద పెడితే, న్యాయనిర్ణేతలు మొదట చూచేది కంటితోనే. పరిమాణం ఒకటిగా ఉన్నదా, రంగు ఒకటేనా, మచ్చ ఉన్నదా? నాలుక వంతు తరువాత సంగతి, అదీ వస్తే. ఈ పరీక్షలో బంగినపల్లి నెగ్గుతుంది. నునుపైన తొక్క, పీచులేని కండ, కోస్తే చక్కని ముక్కలు, నాలుగు రోజులు నిలిచే గుణం దానివి. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఢిల్లీలో 1987లో మొదలైన మామిడి ఉత్సవం వంటి చోట్లకు పంపాలన్నా ప్రయాణానికి తట్టుకొనే కాయ కావాలి.

రసం సంగతి వేరు. చిన్నరసం గాని పెద్దరసం గాని చూపుకు అంత సొంపైనవి కావు. పీచు ఉంటుంది, మాగిన తరువాత ఎక్కువ రోజులు ఆగదు. దానిని కత్తితో కోయకూడదు. చేతుల్లో మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి, మోచేతుల వెంట కారుతుండగా జుర్రుకోవాలి. అటువంటి పండును పళ్ళెంలో పెట్టి దూరంనుండి చూచి మార్కులు వేయడం, పాట పాడేవానిని పాడనీయక చొక్కా చూచి బహుమతి ఇచ్చినట్లే అని మాకు తోచింది.

ఇది బహుమతితో పోయే సంగతి కాదు. వ్యాపారి కన్నూ ఇటువంటిదే. నున్న మార్కెట్టుకు చేరే కాయకు ధర కట్టేది తొక్కనూ నిలువనూ చూచియే. తోటను గుత్తకు తీసుకొనేవాడూ ముందు బంగినపల్లి చెట్లెన్ని అనే అడుగుతాడు. అందుచేత ముదురు రసాల చెట్లు కొన్నిచోట్ల గొడ్డలికి పోయాయి. మరికొన్నిచోట్ల మామిడి మొత్తాన్నే తీసి ఆయిల్ పామ్ వేశారు. ఆ పంటకు ఏడాది పొడుగునా గెలలు వస్తాయి. మంచు కురిసి పూత మాడి, ఉన్న కాయకు ధర లేక అప్పుపడిన రైతును తప్పుపట్టడానికి మాకు నోరు రాలేదు. అయితే ఆయిల్ పామ్ గెలను పిల్లవాడు చెట్టుక్రింద కూర్చుని తినలేడు గదా!

మేము చూచిన తోటలో ఒక మూల నాలుగు చిన్నరసం చెట్లు ఇంటివారికని ఉంచుకున్నారు. వాటి కాయలకు కవర్లు లేవు. కొన్నింటిమీద సొన మచ్చలు, కొన్నింటిమీద చిలక కొరికిన గాట్లు. మేము బయలుదేరుతుంటే ఆ ఇంటి పెద్దామె బుట్ట అడుగున వరిగడ్డి పరచి మాకు ఆ కాయలే ఎత్తింది. నాలుగు రోజులు మంచంక్రింద ఉంచండి, వాసన వచ్చేవరకు ముట్టకండి అని మరీ మరీ చెప్పింది. బంగినపల్లి అడగండి, ఇస్తాను గాని అవి అమ్మకానివి అని నవ్వింది.