మావళ్ళి ఫలాహారశాలలో ఒక ఆదివారము

యాత్రలకు పోయి వచ్చినవారు గుడులను గూర్చియు గోపురములను గూర్చియు వ్రాయుట పరిపాటి. మేమీ మాఱు వ్రాయబూనినది యొక ఫలాహారశాలను గూర్చి. హోటలును గూర్చి వ్రాయుటకేమున్నదని మీరు నవ్వవచ్చును. వెళ్ళుటకు ముందు మేమును అట్లే తలంచితిమి. కాని వంటయిల్లే లోకముగా బ్రదుకు మనవంటివారికి, ఒకరు వండి వడ్డింపగా కూర్చుండి తినుట యెంత చిన్న విషయమో, యెంత పెద్ద విషయమో ఆ యుదయమున మాకు తెలిసివచ్చినది.

మా అత్తగారికి డెబ్బదియొకటవ యేడు. రెండు సంవత్సరములుగా కన్నులకు శుక్లములు క్రమ్మి, బియ్యములోని రాళ్ళు కానరాక చేతితో తడవి యేరుచుండిరి. అందుచే హిందూపురమునుండి బెంగుళూరునకు తీసికొనిపోయి కుడికంటికి శస్త్రము చేయించితిమి. ఆమె ఆచారవంతురాలు. మామగారు కాలము చేసిన నాటినుండి, ఇరువదియాఱేండ్లుగా, పరుల చేతి వంట ముట్టి యెఱుగరు. ప్రయాణములలో అటుకులు, బెల్లము, అరటిపండ్లు ఆమెకు ఆధారము. ఈ మాఱు మేము పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకొంటిమి గాని, మూడవనాటికది మెత్తబడి పాడయ్యెను. దోషము మాదే, వేడి ఆఱకముందే మూత బిగించితిమి.

శనివారమునాడు వైద్యులు కట్టు విప్పి, చూపు చక్కగా వచ్చినదని చెప్పి, రెండు నియమములు పెట్టిరి. మొదటిది, మాత్రలు ఏదైన ఆహారము తిన్న పిదపనే మ్రింగవలెను. రెండవది, కొన్ని వారములపాటు పొయ్యి యొద్దకు పోరాదు. పొగయు ఆవిరియు కంటికి తగులరాదు. ఈ రెండవ మాట విని ఆమె ముఖము చిన్నబోయినది. "అయితే నా కెవరు వండుతారు?" అని మాత్రము మెల్లగా అనిరి. మేమా మాటకు బదులు చెప్పలేకపోతిమి.

ఆ సాయంకాలము మేము దిగిన సత్రము చెంతనున్న యొక హోటలునకు ఆమెను ఒప్పించి తీసికొనిపోతిమి. దాని పేరిక్కడ చెప్పనేల? బల్లమీది నీరు తుడువలేదు. చట్నీ పులిసిన వాసన కొట్టెను. ఆమె ఆ పళ్ళెరమును ముట్టక, రెండు అరటిపండ్లతో మాత్ర మ్రింగి పడుకొనిరి.

మఱునా డాదివారము. రైలు మధ్యాహ్నమునకు గాని లేదు. మావారు తెల్లవాఱుజామున లేచి, కొత్తచూపుతో అమ్మ మొదట చూడదగినది లాల్‌బాగు అనిరి. 1760లో హైదరాలీ నాటించిన తోట అది. నేడు 240 ఎకరముల పర్యంతము వ్యాపించియున్నది. అందలి కొండరాయి మూడువందల కోట్ల యేండ్ల నాటిదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. 1889లో పునాదిరాయి వేసిన అద్దాల మేడ యెదుట మా అత్తగారు నిలువబడి, నల్లకండ్లద్దములు సవరించుకొని, "ఆకులు విడివిడిగా కనబడుతున్నాయే!" అని పసిపిల్లవలె అనిరి. మా అమ్మాయి ఆమె చేయి పట్టుకొని ఒక్కొక్క చెట్టునకు నడిపించుచుండెను. ఎనిమిది గంటలు కావచ్చెను. మాత్రల వేళ యయినది. చేతిలో అరటిపండు కూడ లేదు.

తోటకు చేరువనే, లాల్‌బాగు రోడ్డుమీద, మావళ్ళి టిఫిన్ రూమ్సు అను ప్రసిద్ధ ఫలాహారశాల కలదు. జనులు దానిని ఎం.టి.ఆర్. అని పిలుతురు. ఉడిపి ప్రాంతమునుండి వచ్చిన యజ్ఞనారాయణ మయ్యగారును, ఆయన సోదరులును 1924లో దీనిని స్థాపించిరి. ఉడిపి వంటవారు ఊరూర హోటళ్ళు పెట్టి దక్షిణదేశమునకు ఇడ్లీ, దోసెల రుచి మప్పిన సంగతి మనకు తెలియనిది కాదు; మన తెలుగు పట్టణములలోను "ఉడిపి హోటలు" లేని బజారు అరుదు. మొదట దీని పేరు బ్రాహ్మణ కాఫీ క్లబ్బు. 1960లో ఇప్పటి తావునకు మార్చినప్పుడు ఇప్పటి పేరు వచ్చినది. ఆ తొలినాళ్ళలో అట్టి పలకలు అనేక హోటళ్ళకు ఉండెడివి. వానిని చూచి గుమ్మము చెంతనే వెనుదిరిగినవారెందఱో! 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము, దుకాణములలోను భోజనశాలలలోను కులమునుబట్టి ఎవరిని అడ్డగింపరాదని స్పష్టముగా శాసించినది.

మేము పోవునప్పటికే గుమ్మము వెలుపల జనము తిరునాళ్ళవలె ఉండెను. పేరు చెప్పి, వంతు వచ్చువఱకు కూర్చుండవలెను. ఆ నిరీక్షణలో మావారు చెప్పిన కథలు మీకును రుచించును. 1951లో మయ్యగారు ఐరోపా దేశములు తిరిగి, అచటి భోజనశాలల శుభ్రతను చూచి వచ్చి, పాత్రలను ఆవిరితో శుద్ధిచేయు పద్ధతిని ఇచట ప్రవేశపెట్టిరట. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942లో బర్మా జపానువారి వశమై అచటినుండి బియ్యము రాక నిలిచిపోగా, బియ్యమునకు బదులు గోదుమరవ్వతో ఇడ్లీ చేయసాగిరట. అదియే నేడు మనమందఱము చేసికొను రవ్వ ఇడ్లీ. 1975లో అత్యవసర పరిస్థితి విధించిన పిమ్మట హోటలు ధరలను ప్రభుత్వము తగ్గింపజేయగా, వీరు పదార్థపు నాణ్యము తగ్గింప నొల్లక, ఏ నాటి నష్టమును ఆ నాడే పలకమీద వ్రాసిపెట్టి, తుదకు హోటలునే కొంతకాలము మూసివేసిరట. ఆ సమయమున పనివారికి జీవనోపాధిగా మొదలైనదే పిండ్లు, పొడులు పొట్లములు కట్టి అమ్ము వ్యాపారము. ఆ పొట్లముల సంస్థను 2007లో నార్వే దేశపు ఓర్క్లా అను సంస్థ కొనినది. ఫలాహారశాల మాత్రము మయ్యగారి వంశీయులదిగానే ఉన్నది.

మా అత్తగారు ఈ కథలన్నియు విని, "నష్టం వచ్చినా పప్పు తగ్గించలేదన్నమాట" అనిరి. ఆమె మనసు కొంత మెత్తబడినదని మేము గ్రహించితిమి.

మా వంతు వచ్చెను. ఇక్కడ బల్ల ఒక కుటుంబమునకు ప్రత్యేకింపబడదు, ఖాళీయున్నచోట కూర్చుండవలెను. మా యెదుట ఒక ముదుసలి, ఆమె మనుమడు కూర్చుండియుండిరి. ఎవరో, ఏ కులమో, ఏ యూరో మాకు తెలియదు. మా అత్తగారు ఒక క్షణము నిలువబడిపోయిరి. ఆ ముదుసలి నల్లకండ్లద్దములను చూచి, కన్నడమున ఏదో అని, కొంచెము జరిగి చోటిచ్చి, మా అత్తగారి చేయి పట్టి కూర్చుండబెట్టెను. చేయి పట్టినవారిని విదిలించు కాఠిన్యము మా అత్తగారికి లేదు. కూర్చుండిరి.

మొదట రవ్వ ఇడ్లీ వచ్చెను. నేతిలో వేగిన జీడిపప్పు, కొత్తిమీర, ఆవాలు కానవచ్చుచు, ప్రక్క బంగాళాదుంపల సాగువుతోను, నేతితోను కూడియుండెను. బియ్యపు పిండివలె రాత్రి నానబెట్టి రుబ్బి పులియబెట్టవలసిన పని దీనికి లేదు. రవ్వను నేతిలో కమ్మగా వేయించి, ఆఱిన పిదప పెరుగులో కలిపి, రవ్వ నానిన తరువాత చిటికెడు సోడా వేసి వెంటనే ఆవిరికి పెట్టిన చాలును. సోడా వేసి ఆలస్యము చేసినచో ఇడ్లీ పొంగదు.

పిదప దోసె వచ్చెను. అంచులు ఎఱ్ఱగా కాలి, నడుమ మెత్తగా ఉండి, ప్రక్కన చిన్న గిన్నెలో కరగిన నెయ్యి. ఆ నేతిగిన్నె యెక్కడనున్నదో మా అత్తగారికి పోల్చుకొన రాకుండుట చూచి, యెదుటి ముదుసలి దానిని ఆమె వ్రేళ్ళకు తగులునట్లు జరిపెను. అత్తగారు దోసె త్రుంచి, నేతిలో అద్ది, నోటబెట్టుకొని, చాలసేపు మాటాడలేదు. వేడి తగిలి కన్ను నొచ్చినదేమో యని మేము భయపడితిమి.

"అత్తయ్యగారూ, కన్ను మండుతోందా?" అని అడిగితిమి.

"లేదమ్మాయీ. పదునాఱవ యేట కాపురానికి వచ్చాను. అప్పటినుంచి దోసెలు పోస్తూనే ఉన్నాను. వేడి దోసె నా విస్తట్లో మఱొకరు వేయడం ఇదే మొదలు" అనిరి.

ఆ మాటలో నిష్ఠురము లేదు. లెక్క చెప్పినట్లు చెప్పిరి. కాని మాకు గొంతులో ముద్ద దిగలేదు. మేమా యింట కాలుపెట్టి పదునాలుగేండ్లయినది. ఆమె మడి అడ్డమని చెప్పుకొని, ఆమె పాలి దోసెను ఆమెయే కడపట పోసికొని, చల్లాఱిన పెనము ప్రక్క కూర్చుండి తినుట చూచుచునే యుంటిమి. మా గతియు నదియే గదా యని సమాధానపడితిమి గాని, ఇద్దఱికిని అది తప్పునని తలంపలేదు. మావారు తలవంచుకొని కాఫీ చల్లార్చుకొనుచుండిరి. ఇచట కాఫీ వెండి గ్లాసులలో నిత్తురు. ఆ గ్లాసును ఆయన ఎంతసేపు త్రిప్పినను త్రాగలేదు.

ఆదివారములందు మాత్రమే చేయు చంద్రహారమను మధురపదార్థ మొకటి కలదు. మైదా పొరలను ముక్కోణముగా మడిచి, లవంగము గ్రుచ్చి, వేయించి, పైన కోవాపాలు పోయుదురు. మొదట దీనికి ఫ్రెంచి పేరు పెట్టగా అమ్ముడుపోలేదనియు, 1954లో విజయావారి "చంద్రహారము" చిత్రము వచ్చిన పిదప ఆ పేరు పెట్టగా జనము ఎగబడిరనియు చెప్పుకొందురు. మా అమ్మాయి తన దానిని మూడు భాగములు చేసి, ఒకటి నాయనమ్మకును, ఒకటి యెదుటి బాలునికిని ఇచ్చెను. అత్తగారు మాత్ర మ్రింగి, ఆ ముదుసలికి నమస్కరించి లేచిరి. ఒకరి భాష ఒకరికి రాదు; వీడ్కోలు చేతులతోనే జరిగినది.

పరస్థలములలో హోటలునకు పోవలసివచ్చిన సోదరీమణులు బయటి అలంకారమును చూచి మోసపోవలదు. బల్ల తుడిచిన గుడ్డను చూడుడు. చట్నీని వాసన చూడుడు. పెద్దలను పసివారిని వడ్డించువారెట్లు పలుకరింతురో కనిపెట్టుడు. ఈ మూడును బాగున్న యెడల నిశ్చింతగా కూర్చుండవచ్చును.

ఇంటికి వచ్చిన తరువాతి ఆదివారము మావారు స్నానము చేసి, తడిగుడ్డ యారవేసి, పెనము ముందు నిలువబడిరి. మొదటి దోసె చినిగినది. రెండవది మాడినది. మూడవదానిని విస్తట్లో వేసి, వంటయింటి వెలుపల పీటమీద కూర్చున్న తల్లికి వడ్డించిరి. "నా కెవరు వండుతారు?" అన్న ప్రశ్నకు నాటికి బదులు దొరకినది. ఆమె దానిని నలుమూలల త్రిప్పి చూచి, "పిండి కాస్త పలుచనైంది నాయనా, అయినా వేడిగా ఉంది" అని, ప్రక్కపీట చూపి, "అమ్మాయీ, నీవూ కూర్చో" అనిరి.

మేమును కూర్చుంటిమి.