గడప దాటబోయి

నిరుడు పార్ట్-1 భాషగా తెలుగు రాసిచ్చినప్పుడు పరీక్ష ఉంటుందనుకోలేదు. 12వ తరగతి దాకా తమిళమే చదివి వచ్చినవాళ్ళకి మొదటి వారమే పెట్టారు. సరిగ్గా రాస్తే మామూలు క్లాసు, లేకపోతే అక్షరాల దగ్గర్నుంచి. నాకేం భయం! నాన్నతో తమిళమైనా అమ్మతో, అవ్వతో తెలుగే కదా. సెలవుల్లో అక్షరాలు కూడా దిద్దాను.

మేడమ్ పది వాక్యాలు చెప్పారు. "కొత్తకోడలు గడప దాటింది" అంటే నేను "కడప దాటింది" అని రాశాను. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. చెయ్యి దానికే అలవాటు పడింది. "పెళ్ళి రోజే అంత దూరం పంపావేమ్మా?" అని మేడమ్ నవ్వారు. కడపకి ఆ పేరు తిరుమల గడప అనే వచ్చిందంటారు. అప్పుడే తెలిసుంటే వాదించేదాన్ని! అక్షరాల క్లాసులో కూర్చోబెట్టారు.

ఇంట్లో చెబితే అవ్వకి కోపమొచ్చింది. "మనం మాట్లాడేది తెలుగు కాదంటనా?" బడి మొహం చూడని మనిషి. "గడప అను అవ్వా" అన్నాను. అంది. నిక్షేపంలాంటి 'గ'.

ఆ రోజు నుంచి రాత్రిపూట నా నోట్సులో 'గ' ఎక్కడుందో చూపిస్తున్నాను. మొన్న తనే వేలు పెట్టి "ఇదిగో" అంది.

అది 'శ'.