యాభై రూపాయల ఉద్యోగం

చదువు పూర్తయ్యాక ఒక ఏడాది సేవకు కేటాయిస్తే ఆ తర్వాత బతుకుతెరువు దొరుకుతుందా, లేక వున్న తెరువు కూడా మూసుకుపోతుందా? ఈ మధ్య మన కళాశాల ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు ఇద్దరు నన్ను ఈ మాటే సూటిగా అడిగారు. సభలో అయితే దీనికి జవాబు తేలిక. గాంధీగారి పేరు చెప్పి, నాలుగు చప్పట్లు కొట్టించుకుని దిగిపోవచ్చు. ఇది సావనీరు గనుక, నా సంగతి లెక్కలతో సహా రాస్తున్నాను.

నేను ఆర్థిక శాస్త్రంలో ఎం.ఎ. పూర్తి చేసింది 1978లో. ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజి కార్డు రెన్యువల్ చేయించుకోవడం తప్ప వేరే వృత్తి లేని రోజులు. మిత్రులు కొందరు టైపు ఇన్‌స్టిట్యూట్లలో చేరారు, కొందరు పోటీ పరీక్షల పుస్తకాలు పట్టారు. ఆ ఏడాది అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. పదిహేను నుంచి ముప్ఫై అయిదేళ్ళ లోపు నిరక్షరాస్యులు పది కోట్ల మందికి చదువు చెప్పాలని సంకల్పం. కేంద్రానికి ముప్ఫై మంది, రాత్రిపూట బడి. బోధకుడికి నెలకు 50 రూపాయల గౌరవ వేతనం. గౌరవం సంగతి ఎలా వున్నా, వేతనం మాత్రం మూడేసి నెలలకోసారి వచ్చేది.

"ఏభై రూపాయలకి ఎం.ఎ. చదివావా?" అన్నారు నాన్న. అమ్మ ఏమీ అనలేదు. ఇంట్లో రెండు గేదెలుండేవి, పాల డబ్బు ఆవిడ చేతిలో వుండేది. ఆ సంవత్సరం నా తిండి ఖర్చు భరించింది ప్రభుత్వం కాదు, ఆ గేదెలు.

శ్రీకాకుళం జిల్లాలో, నాగావళి ఒడ్డున వొక చిన్న వూరు. రామకోవెల మండపంలో బడి. రెండు హరికేన్ లాంతర్లు, కొన్ని పలకలు, గోడకు తగిలించే చార్టులు. రిజిస్టరులో ముప్ఫై పేర్లు. వచ్చేది పది, పన్నెండు మంది. నాట్ల రోజుల్లో అయితే నలుగురే. పగలంతా బురదలో వంగి నడుము పడిపోయిన మనిషికి రాత్రి ఎనిమిది గంటలకు 'అల, వల' చదవాలని ఎందుకుంటుంది? ముప్ఫై దాటిన ఒకామె, వూరంతా 'అప్ప' అని పిలిచేవారు, రెండోవారంలోనే తేల్చి చెప్పింది: "మేస్టారూ, ముందు అంకెలు సెప్పండి. అచ్చరాలు తర్వాత సూద్దాం."

ఆవిడ మాట న్యాయమైనదే. వాళ్ళకు కావలసినవి బస్సు నెంబరు, రేషను తూకం, షావుకారు నోటు మీద వేసిన మొత్తం. చార్టులు చుట్టి పక్కన పెట్టి అంకెలు మొదలుపెట్టాం. హాజరు కూడా పెరిగింది.

అప్పుడు వూళ్ళో పనికి ఆహార పథకం కింద చెరువు గట్టు పని జరుగుతోంది. ఆ పథకం 1977లో వచ్చింది. కూలి కింద తిండిగింజలు కూడా ఇచ్చేవారు. అప్ప తాను పనికి వెళ్ళిన రోజుకొక బొగ్గు గీత చొప్పున ఇంటి గోడ మీద గీసుకునేది. గోడ మీద పదకొండు గీతలున్నాయి. బట్వాడానాడు మస్టరు రోలులో చూస్తే ఆమె పేరుకు ఎదురుగా ఎనిమిది. పేరు చదవడం ఆమెకింకా సరిగా రాదు, ఎనిమిది మాత్రం బాగా వచ్చు. "ఏలు ముద్ర ఎయ్యను. మూడు రోజులు కలపండి, సంతకమే ఎడతాను" అంది. పనిమేస్త్రీ నవ్వాడు. మిగతా ఆడవాళ్ళు నవ్వలేదు. ఎవరి అంకెలు వాళ్ళు వెతుక్కోవడం మొదలుపెట్టారు.

మర్నాడు రాత్రి మాకు రామకోవెల తాళం దొరకలేదు. వారం రోజులు అప్ప ఇంటి అరుగు మీదే బడి నడిచింది. అర్జీ నేను రాశాను, పదిహేడు మంది కింద పెట్టారు. కొన్ని సంతకాలు, కొన్ని ముద్రలు. సమితి ఆఫీసులో ఒక గుమాస్తాగారు దాన్ని చదివి, అటూ ఇటూ చూసి, మెల్లగా చెప్పారు: "అర్జీ ఇచ్చి వెళ్ళిపోకు బాబూ. ఇన్‌వార్డు నెంబరు వేయించుకో. నెంబరు లేని కాగితం పుట్టనట్టే లెక్క." రెండేళ్ళ ఎం.ఎ.లో ప్రణాళికా సంఘం గురించి నేను రాసిన వ్యాసాలన్నిటికంటే ఆ ఒక్క వాక్యం నాకు ఎక్కువ పనికొచ్చింది. ఆరు వారాలు, నాలుగు సార్లు తిరగడం, ప్రతిసారీ ఆ నెంబరు చెప్పడం. చివరికి పదిహేడు మందికీ బాకీ కూలి వచ్చింది. అప్ప సంతకం చేసింది. పేరులో వొక ఒత్తు తప్పింది, ఎవరం దిద్దలేదు.

ఇక ఉద్యోగం సంగతి. గ్రామీణ బ్యాంకులు దేశంలో 1975లో మొదలయ్యాయి. 1980 నాటికి వాటికి పల్లెల్లో తిరిగే మనుషులు కావలసి వచ్చారు. అలాంటి ఒక బ్యాంకు రాతపరీక్ష నెగ్గి ఇంటర్వ్యూకు వెళ్ళాను. సేవా సర్టిఫికెట్ కూడా ఫైలులో పెట్టుకుని వెళ్ళాను. బోర్డులో వున్న ముగ్గురిలో ఎవరూ దాన్ని తెరిచి చూడలేదు. ఒకాయన మాత్రం, "గేదె కోసం అప్పు అడిగితే ఇస్తావా, ఇవ్వవా? ఎలా తేలుస్తావు?" అన్నారు. గడ్డి ఎవరు కోస్తారో అడుగుతానన్నాను. మగాడి పేరున అప్పు తీసుకుని, గడ్డీ కుడితీ ఆడమనిషి మీద వదిలేస్తే ఆమెను కూడా కూర్చోబెట్టి మాట్లాడాలన్నాను. ఒకేసారి రెండు గేదెలు కొనిపించకూడదనీ, మొదటిది వట్టిపోయే వేళకు రెండోది ఈనేట్టు చూస్తే వాయిదా ఆగదనీ చెప్పాను. ఇదంతా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. సగం అమ్మ దగ్గర చూసింది, సగం అరుగు మీద విన్నది. ఉద్యోగం వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులోనే సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకాన్ని దేశంలోని అన్ని బ్లాకులకూ విస్తరించారు. నా సర్వీసు మొదటి పదేళ్ళూ గేదెలతోనూ, మేకలతోనూ, అప్ప వంటి మనుషులతోనూ గడిచిపోయాయి.

రిటైరయ్యాక ఒకటి రెండు స్వచ్ఛంద సంస్థలకు కార్యకర్తలను ఎంపిక చేసే చోట కూర్చున్నాను. సేవ చేశామని వచ్చే పిల్లలను నేను అడిగే ప్రశ్న ఒక్కటే: "రిజిస్టరులో ఎంతమంది? వచ్చినవాళ్ళెంతమంది?" రెండు అంకెలూ ఒకటేనని చెప్పిన వారికి నమస్కారం పెట్టి పంపేవాణ్ణి. 'ముప్ఫైలో తొమ్మిది' అని, మిగతా ఇరవై ఒక్కరూ ఎందుకు రాలేదో చెప్పగలిగిన అమ్మాయికి పని ఇచ్చాం.

ఇంతవరకూ చదివి సేవ చేస్తే ఉద్యోగం ఖాయమనుకునేవారికి ఇంకో సంగతి చెప్పాలి. నాతోపాటే పక్క వూళ్ళో బడి పెట్టిన మిత్రుడొకడుండేవాడు. నాకంటే బాగా చెప్పేవాడు. వాడి బడికి రోజూ ఇరవై మందికి తగ్గేవారు కారు. నాలుగో నెలలో వాళ్ళ నాన్న మంచం పట్టారు. ఇంట్లో సంపాదించేవారు లేరు, గేదెలూ లేవు. విశాఖపట్నంలో ఒక బట్టల కొట్లో లెక్కలు రాయడానికి వెళ్ళిపోయాడు. ఆ బడి మూతపడింది. ఆ ఇంటర్వ్యూ గదిలో నా కుర్చీలో వాడు కూర్చుని వుంటే నాకంటే మంచి జవాబులు చెప్పేవాడు. వాడికీ నాకూ తేడా తెలివిలో లేదు, పాల డబ్బులో వుంది.

ఇప్పుడు కొంత నయం. 2009లో తొలి బృందంతో మొదలైన టీచ్ ఫర్ ఇండియా రెండేళ్ళ ఫెలోషిప్పుకు జీతం వుంటుంది. 2011లో మొదలైన ఎస్.బి.ఐ. యూత్ ఫర్ ఇండియా పదమూడు నెలలు పల్లెలో వుంచి భృతి ఇస్తుంది. అయితే వాటికి ఎంపికయ్యేది కొద్దిమందే. మిగతావారిలో వెళ్ళాలని మనసుండీ ఇంటి దగ్గర గేదె లేనివాళ్ళు మన కళాశాలలోనే ఎందరో వుంటారు. పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుంటే ఏటా ఒక్కరికైనా నెల నెలా తిండి ఖర్చు ఇవ్వవచ్చు. మూడేసి నెలలకోసారి కాదు, ఒకటో తారీఖున. నా వంతు మొన్న యూనియన్ కోశాధికారికి ఇచ్చాను. రసీదు మీద నెంబరు వేయమని అడిగితే కుర్రాడు నవ్వాడు గాని, వేశాడు.