సగం సొమ్ము చేతిలో ఉన్నా లోను ఎందుకు రాదు?

గల్ఫ్‌కు వచ్చిన మనలో నూటికి తొంబై మందిని అడగండి, ఎందుకొచ్చావు అంటే రెండే మాటలు చెబుతారు. ఒకటి అప్పు తీర్చడానికి, రెండోది ఇల్లు కట్టడానికి. అప్పు తీరడానికి నాలుగేళ్ళు పడితే, ఇంటికోసం కూడబెట్టడానికి పదేళ్ళు పడుతుంది. ఆ పదేళ్ళూ ఒక్కో రూములో ఆరుగురం, ఎనిమిది మందిమి సర్దుకుని, శుక్రవారం సాయంత్రం జిదాఫ్స్ మార్కెట్లో ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ కూరగాయలు కొనుక్కుని, ఒక్కొక్క దినారూ ఇంటికి పంపుతాం. అంత కష్టపడి సగం సొమ్ము జమ చేసుకున్నవాడికి కూడా బ్యాంకు లోను ఇవ్వనంటే ఎలా ఉంటుంది?

మా రూములో ఉండే జగిత్యాల తమ్ముడికి అదే జరిగింది. ఊరి దగ్గరి పట్టణంలో 25 లక్షల ఇల్లు చూసుకున్నాడు. చేతిలో 12 లక్షలున్నాయి. మిగతా 13 లక్షలకు ఒక బ్యాంకులో దరఖాస్తు పెడితే "సిబిల్ బాగాలేదు" అని వెనక్కి పంపారు. "అన్నా, సగం పైసలు నేనే కడుతున్న గదా, ఇల్లు కూడా వాళ్ళ దగ్గరే తాకట్టు ఉంటది, వాళ్ళకేం భయం?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు మనందరికీ తెలిసి ఉండాలి.

లోను ఇచ్చే ముందు బ్యాంకు రెండు ప్రశ్నలు వేసుకుంటుంది. ఇతను కట్టకపోతే మా డబ్బు తిరిగి వస్తుందా? ఇది మొదటిది. ఇతను నెలనెలా కడతాడా? ఇది రెండోది. మనం ఎక్కువ డబ్బు ముందు కడితే మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు దొరుకుతుంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు ఇంటి లోనుకు ఇంటి విలువలో 90 శాతం వరకూ ఇవ్వవచ్చు. తమ్ముడు అడిగింది 52 శాతమే. ఆ లెక్కన బ్యాంకుకు నష్టభయం తక్కువే. కానీ ఇల్లు జప్తు చేసి అమ్ముకోవడం బ్యాంకుకు ఇష్టమైన పని కాదు. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం కూడా 90 రోజుల బకాయి దాటాక, 60 రోజుల నోటీసు ఇచ్చి, ఆ తర్వాతే చేతిలోకి తీసుకోవాలి. దానికన్నా నెలనెలా కట్టేవాడే వాళ్ళకు కావాలి. అందుకే పాత చరిత్ర చూస్తారు.

ఆ చరిత్ర రాసిపెట్టే సంస్థల్లో మొదటిది సిబిల్. అది 2000లో ఏర్పడింది. ఇప్పుడు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్‌లతో కలిపి నాలుగున్నాయి. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. 750 దాటితే మంచిదంటారు. అసలు ఎప్పుడూ అప్పు చేయనివారికి స్కోరే ఉండదు. అది చెడ్డ స్కోరు కాదు. మొదటిసారి అప్పు అడిగేవారిని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపరాదని 2025లో కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటులో చెప్పింది.

మరి గల్ఫ్‌లో ఉన్నవాడి స్కోరు ఎలా చెడుతుంది? మనం ఇక్కడున్నప్పుడే, మనకు తెలియకుండానే. తమ్ముడి సంగతి చూడండి. పాస్‌బుక్కు మీద పంట లోను తీసుకుని బహ్రెయిన్ వచ్చాడు. ఏటా రెన్యువల్ చేయాలంటే సంతకానికి మనిషి ఊళ్ళో లేడు. మాఫీ వస్తుందని ఇంట్లోవాళ్ళు ఆగారు. తెలంగాణలో 2018లో ప్రకటించిన రుణమాఫీ విడతలు విడతలుగా 2023 దాకా నడిచింది. చివరికి అప్పు మాఫీ అయింది, కానీ ఆ మధ్య కాలంలో కట్టలేదన్న మాట మాత్రం రికార్డులో నిలిచింది. ఇలాగే స్నేహితుడి ట్రాక్టరుకు జమానతు పడ్డవాళ్ళున్నారు. అసలు మనిషి కట్టకపోతే జమానతు పడ్డవాడూ అంతే బాధ్యుడని చట్టం. కిస్తీల మీద కొన్న బైకు, సెల్‌ఫోనుకు చివరి రెండు కిస్తీలు కట్టకుండా విమానం ఎక్కినవాళ్ళూ ఉన్నారు. వెయ్యి రూపాయల బకాయి పదేళ్ళ కష్టానికి అడ్డం పడుతుంది.

కాబట్టి ఇల్లు చూసుకోవడానికి ముందే రిపోర్టు తీసుకోండి. ఈ నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. పాన్ కార్డు కావాలి. ఓటీపీ మాత్రం బ్యాంకులో ఇచ్చిన పాత ఇండియా నంబరుకు పోవచ్చు, ఆ సిమ్ము బతికి ఉందో లేదో చూసుకోండి. రిపోర్టులో మనది కాని అప్పు ఉన్నా, తీరిన అప్పు తీరనట్టు ఉన్నా ఫిర్యాదు చేయవచ్చు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి ఉంది. "డబ్బిస్తే సిబిల్ క్లీన్ చేయిస్తాం" అనే ఏజెంట్లను నమ్మవద్దు. నిజంగా ఉన్న బకాయిని ఎవరూ చెరపలేరు. తప్పుగా పడ్డదాన్ని మీరే పైసా ఖర్చు లేకుండా సరిచేయించుకోవచ్చు.

పాత బకాయి నిజమే అయితే పూర్తిగా కట్టండి. కొందరు బేరమాడి సగం కట్టి తెంపుకుంటారు. అప్పుడు రికార్డులో "సెటిల్డ్" అని పడుతుంది. అంటే బ్యాంకు కొంత వదులుకుందని అర్థం. ఆ మచ్చ ఏళ్ళ తరబడి కనబడుతుంది. పూర్తిగా కడితే "క్లోజ్డ్" అని వస్తుంది. బాకీ లేదన్న నో డ్యూస్ కాగితం తప్పకుండా తీసుకుని దాచుకోండి.

ఆ తర్వాత ఏడాది ఓపిక పట్టగలిగితే చేతిలోని సొమ్ముతోనే స్కోరు పెంచుకోవచ్చు. కొంత డబ్బు ఫిక్సెడ్ డిపాజిట్ చేసి, దాని హామీ మీద చిన్న క్రెడిట్ కార్డు తీసుకుని, నెలనెలా పూర్తిగా కట్టాలి. బంగారం మీద చిన్న లోను తీసుకుని గడువులోపు తీర్చినా రికార్డుకు మేలే.

ఓపిక లేక, తక్కువ స్కోరుకైనా లోనిచ్చే హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీకి పోతే మిత్తి ఎక్కువ. లెక్క చూడండి. 13 లక్షలు, 15 ఏళ్ళకు, 9 శాతమైతే నెలకు సుమారు 13,185 రూపాయలు. 12 శాతమైతే సుమారు 15,600. నెలకు 2,400 తేడా అంటే చిన్నదిగా కనిపిస్తుంది, 15 ఏళ్ళకు 4 లక్షల 30 వేలు దాటుతుంది. అది మన ఒక రూము గోడలూ కప్పూ. తప్పనిసరై తీసుకున్నా ఫ్లోటింగ్ వడ్డీకే తీసుకోండి. సొంత ఇంటికోసం ఒక మనిషి తీసుకున్న ఫ్లోటింగ్ లోనును ముందే తీర్చినా, వేరే బ్యాంకుకు మార్చినా జరిమానా ఉండదు.

జీతానికి రుజువు కూడా కావాలి. వెనక జీతం చేతికిచ్చిన రోజుల్లో మన దగ్గర కాగితమే ఉండేది కాదు. బహ్రెయిన్‌లో 2021 మే నుంచి దశలవారీగా జీతాలు బ్యాంకు ఖాతా ద్వారా ఇవ్వాలన్న పద్ధతి వచ్చింది. ఆ స్టేట్‌మెంట్లు దాచుకోండి. ఇంట్లోవాళ్ళకు పవర్ ఆఫ్ అటార్నీ పంపితే ఇండియన్ ఎంబసీ అటెస్టేషన్ చేయించండి. అది ఇండియా చేరిన 3 నెలల్లోపు అక్కడ స్టాంపు వేయించాలి.

చివరిగా ఒక్క మాట. ఉన్నదంతా ఊడ్చి డౌన్ పేమెంటు కట్టకండి. తమ్ముడితో నేను గట్టిగా చెప్పింది ఇదే. 12 లక్షల్లో కనీసం లక్షన్నర పక్కన పెట్టమన్నాను. రిజిస్ట్రేషన్, స్టాంపు ఖర్చులు లోనులో కలవవు, అవి వేరే చూసుకోవాలి. ఇక మన ఉద్యోగం వీసాకు కట్టేసి ఉంటుంది. కంపెనీకి కాంట్రాక్టు పోతే నెలలో టికెట్ చేతిలో పెడతారు. కిస్తీ మాత్రం ఆగదు. ఆరు నెలల కిస్తీలు బ్యాంకులో ఉన్నవాడు ఊరికి పోయి, ఇంకో పని చూసుకుని నిలబడతాడు. లేనివాడు మూడు నెలల్లో మళ్ళీ బకాయిదారుడవుతాడు. ఈసారి పోయేది పాస్‌బుక్కు కాదు, ఇల్లు.

తమ్ముడు ఆ ఇల్లు వదులుకున్నాడు. బాధపడ్డాడు, రెండు రోజులు సరిగా తినలేదు. ఇప్పుడు రిపోర్టు తెప్పించుకున్నాడు, పాత బ్యాంకుకు తండ్రిని పంపి కాగితం తీసుకున్నాడు, ఒక డిపాజిట్ వేశాడు. ఇంకో ఏడాది పడుతుంది. పదేళ్ళు ఆగినవాడికి ఒక ఏడాది ఎక్కువేం కాదు. అప్పటికి మిత్తి తక్కువ లోను దొరికితే, ఆ ఏడాదికి కూలి గిట్టినట్టే.