రామనగరం బండలూ, నడుముకు పటకా

బెంగుళూరు నుంచి మైసూరు దారిన సుమారు 50 కిలోమీటర్లు పోతే రామనగరం వస్తుంది. పట్టుగూళ్ళ సంతకు పేరుపడ్డ ఊరు. 1975లో వచ్చిన ‘షోలే’ చిత్రంలో గబ్బర్ సింగు తిరిగిన కొండలు ఇవేనంటే పిల్లలకు వెంటనే బోధపడుతుంది. దొరల కాలంలో ఈ ఊరిని క్లోజ్‌పేట అనేవారు. ఊరి పేరు మారినా, ఇక్కడి రాతిని భూగర్భశాస్త్రజ్ఞులు నేటికీ ‘క్లోజ్‌పేట గ్రానైట్’ అనే పిలుస్తారు. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అంతటి పెద్దల వీపు మీదికి ఎక్కేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవడం మర్యాద.

సెలవు రోజుల్లో ఈ బండల దగ్గరకు తాళ్ళు భుజాన వేసుకుని వచ్చే యువకులలో మన ఇళ్ళ పిల్లలూ ఉంటున్నారు. నిజామాబాదు జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్ళకే ఎవరెస్టు ఎక్కిందనీ, తొలి పాఠాలు భువనగిరి బండ మీద నేర్చిందనీ వాళ్ళకు తెలుసు. కాదనడానికి మనకు నోరు రాదు. కాని నడుముకు కట్టుకునే ఆ పటకా, అదే హార్నెస్, ఏది కొనాలన్న ప్రశ్న మాత్రం పెద్దల మీదనే పడుతుంది. సంచీ చూసుకోవాలి, పిల్లల ప్రాణమూ చూసుకోవాలి.

మన తాటిచెట్టు గీసేవారి మోకు ఎరుగనివారెవరు? బరువును చెట్టుకూ నడుముకూ పంచే ఉపాయం అది. కొండలెక్కేవారు మాత్రం చాలాకాలం తాడును నడుముకే ముడి వేసుకున్నారు. 1953లో టెన్సింగు, హిల్లరీలు ఎవరెస్టు ఎక్కినదీ అలాగే. అయితే నడుము మీదే వేలాడితే ఊపిరి బిగపట్టుకుపోతుంది. 1970లో అన్నపూర్ణ దక్షిణ ముఖం ఎక్కడానికి డాన్ విల్లన్స్ రూపొందించిన పటకా తొడలకు కూడా బరువు పంచింది. నేటి హార్నెస్‌లో నడుముకొక పట్టీ, తొడలకు రెండు పట్టీలు ఉండడానికి కారణం ఇదే.

కొనేటప్పుడు మొదట ముద్ర చూడాలి. ‘యు.ఐ.ఎ.ఎ.’ అనో, ‘ఇ.ఎన్. 12277’ అనో ఉండాలి. పెద్దల హార్నెస్ 15 కిలోన్యూటన్ల లాగుడును, అంటే సుమారు 1500 కిలోల బరువును తట్టుకోవాలని ఆ నియమం. ముద్ర ఉన్న చవక సరుకు గట్టిదే. ధరతో పెరిగేది చాలావరకు తేలికా, మెత్తదనమూ మాత్రమే.

రెండవది కొలత. నడుము పట్టీ తుంటి ఎముకల పైన కూర్చోవాలి, బిగించాక కిందికి లాగినా జారరాదు. దుకాణంలో వీలుంటే తాడుకు కట్టించుకుని నాలుగైదు నిమిషాలు వేలాడి చూడాలి. అద్దం చెప్పని సంగతులు అప్పుడు తొడలు చెబుతాయి. తుంటి ఇంకా నిలవని చిన్నపిల్లలకు ఇది పనికిరాదు. భుజాలను కూడా పట్టే నిండు హార్నెస్ వేయాలి.

ఒక్కటే అన్నిటికీ రావాలంటే తొడ పట్టీలు బిగించి వదులు చేసుకునే రకం తీసుకోవాలి. పంచెకట్టులా అన్నకూ సరిపోతుంది, తమ్ముడికీ సరిపోతుంది. చలికొండలలో మందపు లాగు మీదికీ వస్తుంది. సామాను తగిలించుకునే కొక్కీలు నాలుగుంటే, నేర్చుకున్న తరువాత ముందు నడిచి ఎక్కేవారికీ చాలుతుంది.

ఇంకొకరు వాడినది మాత్రం చవకగా వచ్చినా వద్దు. దాని పూర్వచరిత్ర మనకు తెలియదు. కుట్లు తెగినా, పట్టీ నూగుపట్టినా తీసివేయాలి. వాడకపోయినా తయారైన పదేళ్ళ తరువాత ఎక్కువమంది తయారీదారులు వద్దంటారు. ఎండ, బ్యాటరీ ఆమ్లం దీనికి శత్రువులు. స్కూటరు డిక్కీలో పడవేయరాదు.

ఎక్కే ముందు తాడు నడుము పట్టీ, తొడ పట్టీ బిగింపులు రెండింటి లోనుంచీ పోయిందా, బకిల్ దాటి పట్టీ కొస మూడు అంగుళాలైనా మిగిలిందా అని ఒకరినొకరు చూసుకోవాలి. రామదేవర బెట్ట 2012 నుంచి రాబందుల అభయారణ్యం. అక్కడ అటవీశాఖ మాటే మాట. హార్నెస్‌లో ఆదా చేసిన డబ్బును మంచి గురువుకు చెల్లించండి. పటకా పిల్లవాణ్ణి పట్టుకుంటుంది గాని, ముడి వేయవలసినది నేర్చిన చేయి.