అవిభక్త భాగం

అపార్ట్‌మెంటులో ఇల్లు కొన్న గృహస్థులు తమ విక్రయ దస్తావేజును ఒకసారి తీరికగా చదవాలి. బీరువాలో భద్రపరచే తొందరలో మనం చాలామందిమి ఆ పని చేయము. అందులో ఆస్తి వివరణ రెండు భాగాలుగా ఉంటుంది. మొదటి భాగంలో ఫ్లాటు సంఖ్య, అంతస్తు, చదరపు అడుగులు, నలుదిక్కుల సరిహద్దులు. రెండవ భాగంలో ఒకే ఒక్క వాక్యం. మా దస్తావేజులో అది ఇలా ఉన్నది: మొత్తం 1,600 చదరపు గజాల స్థలంలో 40 చదరపు గజాల అవిభక్త వాటా.

మొదటి దానికి హద్దులున్నవి. రెండవ దానికి లేవు. ఆ నలభై గజాలు ఎక్కడున్నవో చూపమంటే ఏ యజమానీ చూపలేడు. గేటు పక్కన వేపచెట్టు క్రింద ఉన్నవా, సంపు క్రింద ఉన్నవా, నిత్యం ఎవరో ఒకరు స్కూటరు అడ్డంగా నిలిపే ఆ మూలలో ఉన్నవా? స్థలంలోని ప్రతి రేణువులోనూ నలభైమందికీ భాగమున్నది; ఏ రేణువూ ఏ ఒక్కరిదీ కాదు. గోడల మధ్యనున్న భాగాన్ని మనం 'నాది' అని పిలుస్తాము. ఆ గోడలు నిలబడిన భూమి మాత్రం ఎన్నడూ 'నాది' కాలేదు, 'మాది'గానే ఉండిపోయింది.

వేదాంత శ్రవణం చేసినవారికి ఈ మాట వినగానే భగవద్గీత పదమూడవ అధ్యాయం స్ఫురిస్తుంది. సకల భూతాలలో విభాగం పొందినట్లు తోచే వస్తువు నిజానికి విభాగరహితమని అక్కడి ఉపదేశం. రిజిస్ట్రేషను కార్యాలయపు భాషను బ్రహ్మవిద్యతో ముడిపెట్టడం అతి అని పాఠకులు భావించవచ్చు. బ్రహ్మము అవిభక్తం కావడం స్వరూపసిద్ధం, స్థలం అవిభక్తం కావడం కేవలం ఒడంబడిక. ఈ భేదాన్ని విస్మరించనక్కరలేదు. అయినా ఒడంబడికలో సైతం 'మాది' అనడానికి సిద్ధపడని మనస్సు, అంతకన్నా సూక్ష్మమైన అవిభాగాన్ని ఏ విధంగా గ్రహించగలదు? ఈ ప్రశ్న నన్ను మూడు సంవత్సరాలు వెంటాడినది. ఆ మూడు సంవత్సరాలూ మా నివాసుల సంఘానికి నేను కోశాధికారిని.

ఈ భావన మనకు క్రొత్తది కాదు. విజ్ఞానేశ్వరుని మితాక్షర ప్రకారం ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో, విభాగం జరిగేంతవరకు ఫలానా పొలం నాది, ఫలానా గది నాది అని ఏ దాయాదీ చెప్పడానికి వీలులేదు. ఆ ధర్మశాస్త్రాన్ని 13వ శతాబ్దంలోనే కేతన తెనుగు చేశాడు. అంటే అవిభక్తమైన ఆస్తిలో ఎలా మెలగాలో మన భాషలో ఏడువందల ఏళ్ళకు పైగా చెప్పుకుంటూనే ఉన్నాము. ఉమ్మడి కుటుంబాలు విడిపోయినవి. విడిపోయినవారంతా నగరాలకు వచ్చి, పేరైనా ఎరుగని ముప్పైతొమ్మిది కుటుంబాలతో కలిసి మరొక అవిభక్త ఆస్తిలో చేరారు. ఇది విధివిలాసమని నాకు తరచూ అనిపిస్తుంది. తేడా ఒక్కటే. ఆ ఇంట్లో పంపకం అడగవచ్చు, ఇక్కడ అడగడానికి వీలులేదు. మెట్లను నలభై ముక్కలు చేయగలమా?

చట్టం కూడా ఈ స్థితిని గుర్తించినది. మన ప్రాంతంలో అపార్ట్‌మెంట్ల యాజమాన్యానికి 1987 నాటి చట్టం ఉన్నది. ఆ తరువాత వచ్చిన 2016 నాటి స్థిరాస్తి చట్టం, అధికసంఖ్యాకులు ఇళ్ళు నమోదు చేసుకున్న మూడు నెలలలో నివాసుల సంఘం ఏర్పడేలా చూడవలసిన బాధ్యతను నిర్మాణదారునిపై ఉంచింది. సంఘం ఏర్పాటులో పాలుపంచుకోవడం కొనుగోలుదారుని కర్తవ్యమని కూడా చెప్పింది. సామాన్య ప్రదేశాల అవిభక్త హక్కును ఆ సంఘానికే బదలాయించాలన్నది. కాబట్టి సంఘం ఇష్టమున్నవారు చేరే భజన మండలి వంటిది కాదు. ఇల్లు కొన్నవాడు దానిలో ఉండితీరుతాడు.

ఇక రుసుము సంగతి. మా ఇంటి మెయింటెనెన్సు నెలకు 2,500 రూపాయలు. నలభై ఇళ్ళకు లక్ష. సామాన్య విద్యుత్తు, లిఫ్టు మరమ్మతు ఒప్పందం, జనరేటరు డీజిలు, పారిశుద్ధ్యం, వాచ్‌మన్ వేతనం, వేసవిలో బోరు అడుగంటినప్పుడు నీటి ట్యాంకర్లు - వీటికి ఆ లక్ష చాలీచాలకుండా సరిపోతుంది. చాలామంది దీనిని సేవల వెలగా భావిస్తారు. వెల అనుకున్న క్షణం నుండి బేరం మొదలవుతుంది. మొదటి అంతస్తులో ఉండే ఒకరు ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ ఒకే మాట అనేవారు: "నేను లిఫ్టు ఎక్కను కదండీ, దాని ఖర్చు నేనెందుకివ్వాలి?" వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఆ న్యాయాన్నే అనుసరిస్తే, పై అంతస్తువారు కూడా ఆయన వంటగది మురుగు పారే గొట్టానికి తాము ఇవ్వనక్కరలేదని అనవచ్చు. వెల అన్న భావన నుండి చూస్తే ఈ వాదాలకు అంతం లేదు.

ఋణం అన్న భావన నుండి చూస్తే వాదమే పుట్టదు. గీత మూడవ అధ్యాయం యజ్ఞచక్రాన్ని వివరిస్తూ, దేవతల వలన పొందినదానిని తిరిగి వారికి సమర్పించక తాను మాత్రమే అనుభవించేవానిని చోరుడని అంటుంది. ఎంతటి కఠోరమైన మాట! ఇవ్వనివాణ్ణి లోభి అనవచ్చు, కృపణుడు అనవచ్చు. అక్కడ వాడిన పదం చోరుడు. ఎందుకంటే అతడు ఇవ్వక దాచుకున్నది తన సొమ్ము కాదు.

ఆ మాటలోని సత్యం నాకు కోశాధికారి పుస్తకంలో సాక్షాత్కరించినది. ఒక నెలలో ఏడుగురు చెల్లించలేదనుకోండి. లక్షకు బదులు 82,500 వస్తుంది. ఎవరికి ఆపాలి? విద్యుత్తు బిల్లు ఆపితే సరఫరా నిలిచిపోతుంది. లిఫ్టు సంస్థవారికి ఆపితే మనిషిని పంపరు. ట్యాంకరువాడు నగదు చూడనిదే గొట్టం విప్పడు. వీళ్ళెవ్వరూ ఆగరు. ఆగగలిగినవాడు, అంటే ఆపినా కాదనలేనివాడు, ఒక్కడే. పాలమూరు నుంచి భార్యాబిడ్డలతో వచ్చి, మెట్ల క్రింది గదిలో కాపురముంటున్న వాచ్‌మన్. ఒకటవ తేదీన అందవలసిన అతని వేతనం పదకొండవ తేదీకి అందుతుంది. అయిదవ అంతస్తులో ఎవరో మరచిపోయిన 2,500 రూపాయలు, మెట్ల క్రింద బియ్యం అప్పుగా మారుతుంది. గృహస్థునకు విధించిన పంచమహాయజ్ఞాలలో మనుష్యయజ్ఞం అంటే అతిథికి అన్నం పెట్టడమని చదువుకున్నాము. మన గేటు తెరిచేవాని జీతం సకాలంలో ఇవ్వకుండా అతిథిపూజ ఎలా సంపూర్ణమవుతుందో నాకు తెలియదు.

మా రెండవ అంతస్తులో ఒక పెద్దాయన ఉన్నారు. ప్రస్థానత్రయం గురుముఖతః పాఠం చేసినవారు, నిష్కపటులు. నెలసరి రుసుము ఏనాడూ ఆలస్యం చేయలేదు. అయితే పై కప్పు మరమ్మతు ప్రస్తావన వచ్చినప్పుడు ఆయన ధోరణి వేరు. స్లాబు బీటలువారి అయిదవ అంతస్తులోని ఎనిమిది ఇళ్ళలోనూ వర్షపునీరు కారుతున్నది. 4,80,000 రూపాయలు వ్యయమవుతుందని తేలింది. నలభైమందీ భరిస్తే ఇంటికి 12,000. ఆ ఎనిమిది ఇళ్ళే భరిస్తే ఇంటికి 60,000. క్రింది అంతస్తులవారిలో కొందరు రెండవ లెక్కనే సమర్థించారు. పెద్దాయన ఏ లెక్కనూ సమర్థించలేదు. "బాబూ, నేను ఈ మమకారాలన్నీ వదులుకున్నాను. ఈ భవనమే మిథ్య అయినప్పుడు దాని స్లాబుతో నాకేమి పని?" అన్నారు.

ఇది సాధకులలో తరచుగా కనిపించే ఒక పొరపాటు కనుక కొంచెం ఆగి చెప్పుకోవాలి. అద్వైతంలో మిథ్య అంటే లేనిది అని అర్థం కాదు. శంకర భగవత్పాదులు బ్రహ్మాత్మైకత్వ జ్ఞానం కలిగేంతవరకు సమస్త వ్యవహారమూ యథాతథంగా చెల్లుతుందని స్పష్టంగా అంగీకరించారు. వ్యవహారదశలో కారే నీరు వ్యవహారదశలోని గోడనే తడుపుతుంది, దానికి వ్యవహారదశలోని రూపాయలే కావాలి. మిథ్య అయిన లిఫ్టులో ఎక్కుతూ, మిథ్య అయిన సంపులోని నీటితో స్నానసంధ్యలు చేస్తూ, చెల్లింపు దగ్గర మాత్రం పారమార్థిక దృష్టిని ఆశ్రయించడం సమంజసం కాదు. విద్యారణ్యస్వామి పంచదశిలోని ద్వైతవివేక ప్రకరణంలో ఈశ్వరసృష్టిని, జీవసృష్టిని వేరుచేసి చూపారు. బంధహేతువు ఈశ్వరుడు సృజించిన వస్తువు కాదు, దానిపై జీవుడు కల్పించుకున్న భావన. ఆ విధంగా చూస్తే త్యజించవలసినది 'నాది మాత్రమే' అనే భావన. స్లాబు అలాగే ఉంటుంది, దాని పట్ల కర్తవ్యమూ ఉంటుంది. నిర్మముడు కావడమంటే ఇంటి పట్ల నిర్లక్ష్యం వహించడమని ఏ ఆచార్యుడూ చెప్పలేదు. ఈ మాటలనే నేను వినయంగా ఆయనకు విన్నవించాను. ఆయన చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు.

అసలైన ధర్మసంకటం బకాయిల విషయంలో వచ్చింది. ఏడుగురు బకాయిదారులకు నీటి సరఫరా నిలిపివేయాలని కార్యదర్శి ప్రతిపాదించారు. అంతకుముందు ఒక సమావేశంలో నేను అర్థశాస్త్రం నుండి ఒక విషయం చెప్పి ఉన్నాను. అందరూ కలిసి సేతువు నిర్మించేటప్పుడు ఒకడు తప్పుకుంటే, అతని పనివారూ ఎడ్లూ ఆ పని చేయవలసిందేననీ, వ్యయంలో అతనికి భాగముంటుందనీ, ఫలంలో మాత్రం ఉండదనీ కౌటిల్యుని శాసనం. గ్రామంలో జరిగే ప్రదర్శనకు తన వంతు ఇవ్వనివాడు కుటుంబంతో సహా దానిని చూడరాదనీ, చాటుగా చూస్తే రెట్టింపు ఇవ్వాలనీ కూడా ఉన్నది. యాజ్ఞవల్క్యస్మృతి మరింత కఠినం. సమూహధనం హరించినవానికీ, సమూహం చేసుకున్న ఒడంబడికను ఉల్లంఘించినవానికీ సర్వస్వహరణం, దేశబహిష్కారం. కార్యదర్శి దానినే గుర్తుచేసి, "మీరే చెప్పారు కదా మాస్టారూ, వంతు ఇవ్వనివాడికి ఫలం లేదని! నీళ్ళు ఆపడం శాస్త్రసమ్మతమే" అన్నారు.

నేను అంగీకరించలేదు. సేతువు వల్ల వచ్చే ఫలం పంట, అంటే లాభం. వినోదప్రదర్శన లేకపోయినా ఎవరికీ ప్రాణహాని లేదు. త్రాగేనీరు లాభమూ కాదు, వినోదమూ కాదు. దప్పిగొన్నవానికి నీరు నిరాకరించడాన్ని ధర్మంగా చెప్పే శాస్త్రం నాకు కనబడలేదు. పైగా బకాయిదారులందరూ ఒక్క తీరువారు కారు. ఒకరికి మా భవనంలోనే మూడు ఇళ్ళున్నవి, మూడింటినీ అద్దెకిచ్చారు. పంతంకొద్దీ చెల్లించడం మానేశారు. ఆ ఇళ్ళకు నీరు ఆపితే దప్పి ఆయనకు కాదు, అద్దెకున్నవారికి. ఆయనకు చట్టప్రకారం నోటీసు పంపడమే తగినది, ఆ తరువాత న్యాయస్థానం. మూడవ అంతస్తులోని మరొకరు పక్షవాతంతో మంచం పట్టారు, దుకాణం మూతపడింది. తొమ్మిది నెలల బాకీ, 22,500 రూపాయలు. ఆ ఇల్లాలు సమావేశానికి రావడం మానివేశారు. మెట్లపై ఎదురైనా తల దించుకొని వెళ్ళేవారు. ఈ ఇద్దరికీ ఒకే దండన ఎలా న్యాయమవుతుంది?

చర్చ ముదిరింది. ఏనాడూ సమావేశాలకు రాని రెండవ అంతస్తు పెద్దాయన ఆ రోజు వచ్చి వెనుక కుర్చీలో కూర్చున్నారు. ఒకే మాట అన్నారు: "నీళ్ళు సంఘానివి కావయ్యా. సంఘం మోటారుకే యజమాని." ఆ మాటతో ప్రతిపాదన వీగిపోయింది. నీరు ఎవరిదీ కానప్పుడు కప్పు మాత్రం ఎనిమిదిమందిదే ఎలా అవుతుందని నాకు అడగాలనిపించింది. సందర్భం కాదని ఊరుకున్నాను.

చివరకు కప్పు ఖర్చు నలభై వాటాలుగానే నిర్ణయమైంది. లిఫ్టు ఎక్కనని వాదించినాయన కూడా గొణుగుతూనే చెల్లించారు. ముప్పైఅయిదుగురు ఇచ్చిన తరువాత ఒక ఉదయం పెద్దాయన చెక్కు తెచ్చి, "దీనిని విరాళంగా వ్రాయండి" అన్నారు. దానమైతే రసీదు అలాగే ఇచ్చేవాణ్ణి. ఇది దానం కాదు, వంతు. "క్షమించండి, బాకీ జమగానే వ్రాయాలి" అన్నాను. రసీదును కాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. మిగిలిన నాలుగు వాటాల 48,000 మూలనిధి నుండి సర్దుబాటు చేశాము. వర్షాకాలానికి ముందే పని పూర్తయింది.

మూడవ అంతస్తు కుటుంబానికి నెలసరి రుసుముతో పాటు 500 చొప్పున పాత బాకీ తీర్చే వెసులుబాటు కల్పించాము. పదిహేడు నెలలలో 8,500 తీరింది, 14,000 మిగిలి ఉన్నది. నేను పుస్తకాలు క్రొత్త కోశాధికారికి అప్పగించేనాటికి ఆ పద్దు అలాగే తెరచి ఉన్నది. ఆ ఇంటికి నీరు వస్తూనే ఉన్నది.